యోగానంద్‌గారి సుషీ సందేహాలు

యోగానంద్‌గారికి ఏ విషయమైనా ఒక్కసారి చెబితే ఎక్కదు. రెండోసారి చెబితే సందేహం వస్తుంది. మూడోసారి చెబితే ఆ సందేహానికి పిల్లలు పుడతాయి. ఈ మనిషి ముప్పయ్యేళ్ళు కాలిఫోర్నియాలో వంతెనలు డిజైన్ చేశాడని తలుచుకున్నప్పుడల్లా భార్య జ్ఞానప్రసూనకి గుండె దడదడలాడుతుంది.

రిటైరయ్యాక శాన్ రామన్‌లో ఆయన సందేహాలు తీర్చే ఓపిక ఎవరికీ లేకపోయింది. అలాంటిది ఈ వేసవిలో ఒకరోజు కాఫీ తాగుతూ, "ప్రసూనా, మనం సుషీ చేద్దాం. కోషర్ సుషీ," అన్నారు.

"కోషరంటే?"

"యూదుల మడి అనుకో. పక్కింటి రూబిన్‌గారు పాటిస్తారుగా."

"సుషీ అంటే పచ్చి చేప కదండీ! మనం గుడ్డు కూడా ముట్టం!"

"అందుకే నాకిన్ని డౌట్లు," అంటూ చెప్పులేసుకుని పక్కింటికి వెళ్ళిపోయారు.

రూబిన్‌గారికి ఎనభై దాటాయి. భార్య పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎవరేం తెచ్చిచ్చినా నియమానికి సరిపడదని మర్యాదగా వెనక్కి పంపేసి, పళ్ళతో బిస్కెట్లతో రోజులు నెట్టుకొస్తున్నారు. మనిషి సగమైపోయారు. అలాంటాయన్ని ఈయన రోజూ విసిగిస్తుంటే జ్ఞానప్రసూనకి తల కొట్టేసినట్టయ్యేది.

"రొయ్యకి పొలుసులుంటాయా అండీ?"

"ఉండవు యోగా. రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపే మాకు పనికొస్తుంది. నిన్నా చెప్పాను!"

"మరి పీతకో?"

"పీత అసలు చేపే కాదు!"

"చేప కానిదాన్ని చేపల కొట్లో ఎందుకమ్ముతారండీ?"

రూబిన్‌గారు తల పట్టుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. అన్నం చుట్టే సముద్రపు నాచు రేకులో పురుగుందేమో వెలుతురుకి పట్టి చూడాలి, వెనిగర్ సీసా మీద కోషర్ ముద్ర ఉండాలి, కత్తి వేరే ఉండాలి. కిటికీలోంచి విని విని జ్ఞానప్రసూనకే అన్నీ కంఠతా వచ్చేశాయి. పక్కనే కూర్చున్న ఈయనకెందుకు రావో అర్థంకాక ఆవిడ బుర్ర వేడెక్కిపోయేది.

ఒక ఆదివారం మొగుడూ పెళ్ళాం చేపల కొట్టుకి వెళ్ళారు. ఆవిడ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడింది. ఈయన తిన్నగా కౌంటర్ దగ్గరికెళ్ళి, "సాల్మన్ మొత్తంగా ఇవ్వండి. పచ్చిగా తినడానికి ఫ్రీజ్ చేసిందే కావాలి. పొలుసులు గీకొద్దు, మీ కత్తి తగలనివ్వద్దు," అని గడగడా చెప్పేశారు. ఒక్క సందేహం లేదు.

ఆవిడ నోరెళ్ళబెట్టింది. "ఏవండీ, మీకు ఇవన్నీ తెలుసా?"

"మొదటిరోజే తెలిసింది."

"మరి నెలరోజుల్నుంచీ ఆయన ప్రాణం తీస్తున్నారెందుకు?"

"నాకు అర్థమైపోయిందంటే ఆయన ఇంకెవరితో మాట్లాడతాడే? తలుపేసుకుని కూర్చుంటాడు."

ఆవిడకి మొగుడి మీద కోపమూ ముచ్చటా ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియక, చేప సంచీ పట్టుకుంది.

వంట రూబిన్‌గారి వంటింట్లోనే, ఆయన గిన్నెల్లోనే. బియ్యం కడిగి పెట్టాక యోగానంద్‌గారు పొయ్యి మీట మీద చెయ్యి వేశారు. "వెలిగించనా అండీ?"

"ఆగు!" రూబిన్‌గారు కుర్చీలోంచి లేచారు. "ఆ మంట యూదుడే వెలిగించాలి, లేకపోతే ఆ అన్నం నాకు పనికిరాదు. ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు!"

"మర్చేపోయానండీ."

రూబిన్‌గారు విసుక్కుంటూ వచ్చి మీట తిప్పారు. నీలిమంట లేచింది. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు. తర్వాత చొక్కా చేతులు మడుచుకుని, "తప్పుకో, ఇది నీవల్ల కాదు," అని కత్తి అందుకున్నారు. వీళ్ళకి కీరా ముక్కలు పెట్టి చుట్టారు. తనకి సాల్మన్ పెట్టి చుట్టుకుని, పళ్ళెం ఖాళీ చేశారు.

వచ్చేముందు రూబిన్‌గారు జ్ఞానప్రసూనని పక్కకి పిలిచారు. "మీ ఆయన బంగారంలాంటి మనిషి గానీ, బుర్ర కాస్త నెమ్మది. గురువారం మళ్ళీ తీసుకురండి. ఈసారి సూప్ నేర్పిస్తాను."

జ్ఞానప్రసూన నవ్వు ఆపుకుని, మొహం గంభీరంగా పెట్టింది.

"చాలా నెమ్మదండీ. ఒక్క గురువారంతో అయ్యే పని కాదు. మీరే కాస్త ఓపిక పట్టాలి."