చుక్కలు కలపని మేడం

మా మేడం పోయారన్న కబురు మా విభాగం పెద్దసారు ఫోన్లో చెప్పారు. చెప్పి, ఊపిరైనా పీల్చకుండా, "శ్రద్ధాంజలి ఫ్లెక్స్ మీదికి ఆమె తీసిన కణం ఫోటో పంపు. నడుమ ఖాళీలున్నయి గదా, కలిపేసి నున్నగ చెయ్యి. చూడ మంచిగుండాలె" అన్నారు. ఆమె బతికుండగా చేయించలేనిది పోయాక చేయించాలని చూశారు. అంత తొందర ఆయన ఏ పరిశోధనలోనూ చూపగా నేను ఎరగను.

నేను కరెంటు ప్లాంటు బూడిద రాలే చంద్రపూర్‌లో మేడం దగ్గర పరిశోధన చేసినవాణ్ణి. మామూలు మైక్రోస్కోపులో కణం లోపలి సన్నటి పోగులు అలికేసినట్టు కనిపిస్తాయి. మేడం ఆ పోగులకు చిన్న డీఎన్ఏ ముక్కలు అతికించేవారు. వాటికి జోడీ అయిన రంగు ముక్కలు ద్రవంలో తిరుగుతూ వచ్చి, కాసేపు అతుక్కుని, మెరిసి, విడిపోతాయి. ప్రతి మెరుపూ ఒక చుక్క. చుక్కలు పోగైతేనే బొమ్మ. చిక్కల్లా, అతుక్కోకుండా తిరిగే ముక్కలు కూడా వెలిగి బొమ్మంతా మసక చేయడమే.

"సాఫ్ట్‌వేర్‌తోని తుడిచెయ్యిండ్రి మేడం. తనిఖీకొచ్చెటోళ్లకు ఏం తెలుస్తది?" అన్నారు పెద్దసారు. ఆయనకు తెలిసిన సైన్సంతా అదే. ఆయన వెళ్లాక మేడం టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "గాయన పెండ్లి ఫోటోల దుకాణం పెట్టుకుంటే బాగుపడుతుండె" అన్నారు.

ఆమె ఏకంగా ఆ రంగు ముక్కనే మార్చారు. తేలుతున్నంతసేపూ చీకటిగా ఉండి, అతుక్కున్నప్పుడే వెలిగేలా చేశారు. ఎన్నో నెలలు పట్టింది. మసక పోయింది, అక్కడక్కడ ఖాళీలు మిగిలాయి. కలుపుదామా అని నేనడిగితే, "ఆడ పోగు నువ్వు చూసినవా? చూడంది ఎట్ల గీస్తవురా?" అన్నారు. ఆమె మీద నాకున్న ప్రేమంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

అందుకే ఫోటో ఉన్నదున్నట్టే పంపాను. సభలో ఫ్లెక్స్ చూసి పెద్దసారు పళ్లు నూరారు. అందరి ముందూ ఏమీ అనలేక, మేడం నిజాయితీ మీద ఉపన్యాసం ఎత్తుకున్నారు. సిగ్గు లేకపోతే ఎంత సుఖమో!

విరూర్ నుంచి వచ్చిన మేడం వాళ్లమ్మ ఆ ఉపన్యాసం వినలేదు. ఫ్లెక్స్ దగ్గరికి వెళ్లి, నల్లటి బొమ్మ మీది తెల్ల చుక్కల్ని కరెంటు ప్లాంటు బూడిద అనుకుని కొంగుతో తుడుస్తున్నారు.

"పోతలేదేంది బిడ్డా?"

"బూడిద గాదవ్వా. నీ బిడ్డ చూసినయి" అన్నాను.

ఆమె కొంగు వదిలేశారు. ఒక చుక్క మీద వేలు పెట్టారు. ఎత్తి, పక్క చుక్క మీద పెట్టారు.