మూడు ఊళ్లకీ ఒకటే షీటు

తెనాలిలో నేను హైస్కూల్ టీచర్ని. సాయంత్రాలు ఒక చిన్న సేవా సంస్థ పని చూస్తాను. ఇంట్లో మంచాన పడ్డవాళ్లకి వీల్‌చైర్లు, ఆసుపత్రి మంచాలు, ఆక్సిజన్ మిషన్లు కొన్నాళ్లు వాడుకోవడానికి ఇస్తాం. అవసరం తీరాక తిరిగి తెచ్చుకుంటాం. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మాకు ఒక్కో గది ఉంది. ఏ గదిలో ఏముందో ఆ ఊరివాళ్లకే తెలుసు. మిగతావాళ్లు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎత్తితే సరే, ఎత్తకపోతే లేనట్టే.

ఒకసారి చేబ్రోలు నుంచి ఒకాయన వచ్చి, వాళ్లమ్మకి ఊపిరాడటం లేదు, ఆక్సిజన్ మిషన్ కావాలన్నాడు. మా దగ్గర లేదు. బాపట్లకి చేస్తే ఫోన్ ఎత్తలేదు. లేదని చెప్పి పంపించేశాం. పాపం, ఆవిణ్ణి గుంటూరు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. తీరా చూస్తే బాపట్ల గదిలో ఒక మిషన్ ఖాళీగానే ఉందట. ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

మా స్కూల్లో మార్కులు కంప్యూటర్లో ఎక్కించేది నేనే. ఆ కాస్త పరిచయంతో వెతికితే తెలిసింది, సేవా సంస్థలకి ఆఫీసు పనికి కావలసినవి ఒక పెద్ద కంపెనీ ఇంటర్నెట్ మీద ఉచితంగానే ఇస్తుందని. సంస్థ పేరుతో మెయిళ్లు, ఎక్కడున్నవాళ్లయినా ఒకేసారి చూసి రాసుకునే షీట్లు, ఫోన్లోనే మీటింగులు. మా ప్రెసిడెంటుగారికి చెప్పాను. ఆయన బ్యాంకులో రిటైరైన మనిషి.

"ఊరికే ఎవరిస్తారమ్మా? ఇప్పుడిచ్చి తర్వాత బిల్లు పంపుతారు."

"పంపితే మానేద్దామండీ. అడిగి చూడ్డానికేముంది?"

"సరే, నువ్వు పట్టుకుంటే వదలవుగా," అంటూ సర్టిఫికెట్లు తీసిచ్చారు.

వాటిని జతచేసి ఆ కంపెనీకి పంపిన దరఖాస్తు తిరిగొచ్చింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో మా సంస్థ పేరు బారెడు ఉంది. నేను రాసింది మేమంతా పిలుచుకునే పొట్టి పేరు. రెండూ కలవడం లేదన్నారు. పూర్తి పేరుతో మళ్లీ పంపాను. ఈసారి మా సంస్థ వెబ్‌సైటు అడ్రసు నిజంగా మాదేనని రుజువు కావాలన్నారు. వాళ్లు పంపిన పొడవాటి అక్షరాల వరసని, ఆ అడ్రసు మాకు అమ్మినవాళ్ల సైటులోకి వెళ్లి ఎక్కించాలి. స్టాఫ్‌రూములో క్యారేజీ పక్కన పెట్టుకుని ఎక్కించాను. ఒక అక్షరం జారిపోయింది. కుదరలేదు. మళ్లీ మొదట్నుంచి ఎక్కించాను.

"ఏంటండీ, ఇవాళ భోజనం చేసేదుందా?" అంది పక్కనున్న సైన్సు మేడం.

ఒప్పుకున్నామని మెయిల్ వచ్చేసరికి నేను రేపల్లె రైల్లో ఉన్నాను. "వచ్చేసింది!" అని అరిచాను. ఎదురు సీటులో మల్లెపూల బుట్టతో ఉన్న పెద్దావిడ, "ఏ స్టేషనమ్మా?" అని కంగారుగా కిటికీలోంచి చూసింది. నాకు నవ్వాగలేదు.

రేపల్లె గది చూసేది రిటైరైన నర్సమ్మగారు. చర్చిలో పాటలు పాడే గొంతు ఆవిడది, ఫోన్లో మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది. ఆవిడ పక్కన కూర్చుని షీటు తెరిచాను. మూడు ఊళ్లకీ మూడు రంగులు పెట్టాను. బాపట్ల గది చూసే రైతుగారు లైన్లోకొచ్చారు. పొలంలో దిగితే ఆయన ఫోన్ బండిలోనే ఉండిపోతుంది, అందుకే ఎప్పుడూ దొరకరు.

"బాబాయిగారూ, మీ దగ్గరున్న వీల్‌చైర్లు ఎక్కించండి."

నర్సమ్మగారు తన ఫోన్ వంకే చూస్తున్నారు. బాపట్లలో ఆయన నొక్కిన అంకె రేపల్లెలో ఆవిడ చేతిలో పడింది.

"అయ్యబాబోయ్! మీరు రాసింది నాకిక్కడ కనిపిస్తోందండీ!"

"అంత గట్టిగా అరిస్తే ఫోన్ లేకుండానే వినపడుతుందమ్మా నాకు," అన్నారాయన.

ఆ నెలలోనే, నేను క్లాసులో ఉండగా, రేపల్లె దగ్గరి పల్లె నుంచి ఒకావిడ నర్సమ్మగారి దగ్గరికి పరుగెత్తుకొచ్చిందట. భర్తకి ఊపిరితిత్తుల జబ్బు, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తూ ఆక్సిజన్ పెట్టమన్నారు డాక్టరుగారు. రేపల్లెలో మిషన్ లేదు. నర్సమ్మగారు షీటు తెరిచారు. బాపట్ల వరసలో, పొద్దున్నే తిరిగొచ్చిన మిషన్ ఒకటి కనిపించింది. దాని పక్కన 'రేపల్లెకి కావాలి, అర్జంటు' అని రాశారు. రైతుగారు గట్టుమీదికొచ్చి బండిలోని ఫోన్ చూసుకున్నారు. కాళ్ల బురద కూడా కడుక్కోకుండా గదికెళ్లి మిషన్ తీసుకుని రేపల్లె బస్సెక్కారు.

నేను సాయంత్రం ఆఖరి బెల్లయ్యాక ఫోన్ తీసేసరికి షీటులో ఆ వరసలో 'చేరింది' అని ఉంది. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు. పని దానంతటదే జరిగిపోయింది. వరండాలో నిలబడి ఆ మాటనే మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఆదివారం నర్సమ్మగారూ రైతుగారూ నేనూ కలిసి ఆ జబ్బుమనిషి ఇంటికి వెళ్లాం. ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని, మాతో కబుర్లు చెబుతూ ఇడ్లీ తింటున్నారు. పక్కన మిషన్ సన్నగా రొద పెడుతోంది.

"మాట్లాడకుండా తినయ్యా," అంది ఆయన భార్య.

"ఇప్పుడు మాట్లాడగలుగుతున్నానే, మాట్లాడనీ," అన్నారాయన, ఇంకో ఇడ్లీకి పళ్లెం చాపుతూ.