వాన బయలుదేరే చోటికి పిల్లలతో

ఈ ప్రయాణానికి కారణం రేడియో. మా పుట్టిల్లు అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరికి దగ్గరి పల్లె, మా నాయనది మెట్ట సేద్యం. ఏటా మే నెలలో వార్తల్లో 'నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి' అనే మాట వినబడగానే ఆయన అటక మీది విత్తనం చెనిక్కాయల, అంటే వేరుశెనగ, మూటలు కిందికి దింపించేవాడు. అండమాన్‌ను తాకిన వాన మా చేను తాకిన ఏళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2007 ఎండాకాలంలో అనంతపురంలోని మా ఇంటికి వచ్చినప్పుడు అదే వార్త విని, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి అడిగాడు. "ఏమ్మా, ఆ అండమాన్ యాడ ఉండాది? యాభై ఏండ్లుగా దాని పేరు వింటాండా. ఒక్కసారి ఆడికి పోయి, వాన ఎట్ల బయలుదేరుతాదో చూడల్ల." పక్కనే కూర్చున్న మా ఎనిమిదేళ్ల వెన్నెల చెయ్యెత్తింది. అండమాన్ అంటే దాని దృష్టిలో పత్రికలో చూసిన నీలం నీళ్లు, తెల్లటి ఇసుక. అది పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు.

టికెట్లు ఇచ్చే ఆయన చెప్పనే చెప్పాడు, "జూన్‌లో ఆడ వానకాలం మేడమ్, పిల్లలతో ఆలోచించుకోండి" అని. మా జిల్లావాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అప్పుడే చేశాను. మాకు వానకాలం అంటే మబ్బు పట్టి, కాస్త గాలి వీచి, నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోయే కాలం. దానికి భయపడేదేముంది? మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గొడుగు ఎండ కోసం కొన్నది, దాన్ని కూడా తీసుకెళ్లలేదు. పైగా వానకాలంలో గదుల అద్దె సగానికి సగం. గుంతకల్లులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై. మర్నాడు పొద్దున విమానం, రెండు గంటల్లో పోర్ట్ బ్లెయిర్. రానుపోను ఒక్కొక్కరికి ఎనిమిది వేల పైచిలుకు అయింది. ఓడలో చాలా తక్కువే గానీ మూడు రోజులు పడుతుంది, ఈ కాలపు అలల్లో పిల్లల కడుపులో ఏదీ నిలవదు. నేను, మా ఆయన, వెన్నెల, ఐదేళ్ల బబ్లు, నాయన బయలుదేరాం.

విమానం దిగేసరికి వాన. నేను చూసిన వాన కాదది! ఎదురుగా ఉన్న కొండ కనబడటం లేదు. అందరూ పరుగులు పెడుతుంటే నాయన మెట్ల కింద నిలబడిపోయి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. పెద్దమనుషుల ముందు కూడా తలగుడ్డ తీయని మనిషి! "నాయనా, తడుస్తావు రా" అంటే, "తడవనీమ్మా, దీనికోసమే కదా వచ్చింది" అన్నాడు. ఆయన ముఖం మీద కారేది వానో, కన్నీళ్లో నాకు తెలియలేదు.

మా ట్యాక్సీ డ్రైవరు సింహాచలం, చిన్నప్పుడే శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడినవాడు. కారు కదలగానే, "ఏటండీ బాబూ ఈ దిక్కుమాలిన వాన! వారం బట్టి వదల్డం లేదు" అన్నాడు. వెనక సీట్లోంచి నాయన గొంతు ఖంగుమంది. "ఏమప్పా, వానను అట్ల తిట్టొచ్చునా? మా పక్క ఎవడన్నా ఆ మాటంటే పండ్లు రాలగొడతారు!" సింహాచలం అద్దంలోంచి చూసి, "ఏ ఊరు తాతా మీది?" అని అడిగాడు. అనంతపురం అనగానే నవ్వేసి, "అయితే తిట్టను లెండి" అన్నాడు. ఆ తర్వాత మేమున్నన్నాళ్లూ ఆ మాట తప్పలేదు.

చిక్కు రెండో రోజు మొదలైంది. వెన్నెల పత్రికలో చూసిన తీరం హావ్‌లాక్ దీవిలో ఉంది. పొద్దున ఆరింటికి జెట్టీ నుంచి ఫెర్రీ, రెండున్నర గంటల ప్రయాణం, టికెట్టు రెండు వందల లోపే. ఐదున్నరకే వెళ్లి నిలబడితే సముద్రం బాగాలేదు, ఫెర్రీ లేదన్నారు. మూడో రోజూ అదే మాట. ఐదో రోజు పొద్దునే మా తిరుగు విమానం. ఇక మిగిలింది ఒక్క రోజు.

ఆ మధ్యాహ్నం గదిలో ఆరని బట్టల మధ్య కూర్చుని వెన్నెల వెక్కి వెక్కి ఏడ్చింది. తాత చేతులు పట్టుకుని, "తాతా, వాన ఆగిపోవాలని మొక్కుకో. నువ్వు చెప్తే దేవుడు వింటాడు" అంది. నాయన ముఖం చూడలేకపోయాను. మనవరాలు అడిగితే చేలో నీళ్లు లేకపోయినా పువ్వు పూయించే మనిషి. "ఏమన్నా అడుగు తల్లీ, ఆ మాట నా నోట రాదు. వాన రా రా అని మొక్కిన నోరు ఇది" అన్నాడు. అది ఇంకా గట్టిగా ఏడ్చింది.  నాయన లేచి, దాన్ని ఎత్తుకుని వసారాలోకి పోయి, వానకు చెయ్యి చాపాడు. "ఆగొద్దు తల్లీ, నిన్ను ఆగమనడం లే. ఈడ చానా అయింది. ఇట్ల పడమటికి తిరిగి మా పక్కకు పో. చేండ్లు దున్ని పెట్టినాం. నీకోసరమే చూస్తాండారు." వెన్నెల కూడా ఏడుపు ఆపి, "మా తాత చేను యాడికి దగ్గర" అని గుర్తు చెప్పింది.

నాలుగో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. ఫెర్రీ కదిలింది. హావ్‌లాక్ జెట్టీ నుంచి తీరానికి ఆటోలో అరగంట. చెట్ల మధ్యలోంచి బయటికి రాగానే, ఫెర్రీలో అద్దం అవతల చూసిన సముద్రం కాళ్ల ముందే ఉంది. ఇంత నీరు! చుక్క నీటికి బిందెలు వరసపెట్టిన ఊరి మనుషులం, ముందుకు అడుగు పడలేదు. పిల్లలే మొదట పరుగెత్తారు. నాయన మాత్రం తడి ఇసుకలో గొంతుక్కూర్చుని వేలు గుచ్చి చూస్తున్నాడు. మా పక్క వాన పడితే రైతు అట్లాగే చూస్తాడు, పదును ఎంత లోతు దిగిందో, విత్తొచ్చో లేదో అని. మోచేతి దాకా తవ్వి, "ఎంత తవ్వినా పదునేనమ్మా ఈడ!" అన్నాడు చిన్నపిల్లాడిలా. పన్నెండు దాటాక సముద్రం అవతలి అంచున నల్లటి గోడ లేచింది. వాన నీళ్ల మీద నడుచుకుంటూ మా వైపుకే వచ్చింది. తక్కినవాళ్లు చెట్ల కిందికి పరుగెత్తారు. మా ఐదుగురమూ కదల్లేదు. "చూసినా తల్లీ, నువ్వు బయలుదేరేది చూసినా" అని నాయన చేతులు జోడించాడు. వెన్నెల ఆయన పక్కనే నిలబడి తల పైకెత్తి తడిసింది.

పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగొచ్చాక ఊరికి ఫోన్ చేస్తే ఒక్క చినుకు లేదన్నారు. "దోవలో ఉండాదిలే" అన్నాడు నాయన. మేము ఇల్లు చేరిన పదిహేనో రోజున అది వచ్చింది. పెద్ద వానేం కాదు. ఆ రోజు ఆదివారం, మేమంతా పల్లెలోనే ఉన్నాం. వెన్నెల అందరికంటే ముందు చేలోకి పోయి వేలు గుచ్చి చూసి, "జానెడు దిగింది తాతా!" అని అరిచింది. ఆ ఏడు నాయన విత్తనం వేశాడు. సముద్రం చూడ్డానికి పోయిన నా బిడ్డ వానను చూడటం నేర్చుకుని వచ్చింది, అంతకంటే ఆ సెలవులను నేను ఇంకేమడగను?

జూన్‌లో పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఫెర్రీ కోసం రెండు రోజులు అదనంగా ఉంచుకోండి, దీవిని చివరి రోజుకు పెట్టుకోకండి. ఆ రెండు రోజులూ వాన వదలకపోతే తిట్టకండి, ఆగమని కూడా అనకండి. మా అనంతపురం దోవ చూపించండి, చాలు.