నెత్తురు లేని ఎండ్రకాయలు

గంగయ్య సారుకు వచ్చింది ఒక్కటే పాఠం. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. ఆంధ్రప్రదేశ్ వచ్చి తెలుగు పుస్తకాలు చేతికందాక, జీవశాస్త్రంలో మొదటి పాఠం బట్టీపట్టి అక్కడే బైఠాయించాడు. పూర్వం గ్రీసు దేశపు పండితుడొకడు జంతువులన్నిటినీ నెత్తురున్నవి, నెత్తురు లేనివి అని రెండు కుప్పలు పోశాడట. ఎండ్రకాయలు, నత్తలు, పురుగులు రెండో కుప్ప. ఆ పండితుడు పొరబడ్డాడనీ, వాటికీ నెత్తురుంటుందనీ, ఎర్రగా ఉండదంతేననీ తరువాతి పేజీలోనే ఉంది. సారు పేజీ తిప్పితే కదా! పెద్దపల్లి బడిలో పక్కగదిలో లెక్కలు చెప్పిన పాపానికి ఆ కుప్పల గోల ఏళ్ల తరబడి విన్నాను.

మా ఇళ్లూ పక్కపక్కనే. ఒక వానాకాలం ఆయన బిడ్డ బాలలక్ష్మికి జ్వరం, దగ్గు పట్టుకుని వదల్లేదు. సారు భార్య యాదవ్వ వేములవాడ రాజన్నకు మొక్కింది. పిల్ల లేచి, గుడికి పోయి తలవెంట్రుకలు ఇచ్చేదాకా ఇంట్లో మాంసం, చేపలు, ఏ నీసూ వండదు, ఎవరూ ముట్టరు. కొన్నాళ్లకు పిల్ల కూర్చుని గంజి తాగింది. తల్లి ప్రాణం కుదుటపడింది. సారుకు మాత్రం నాలుక పీకుతోంది. ఛీ, కన్నబిడ్డ కోసం కొన్నాళ్లు నోరు కట్టుకోలేనివాడూ ఒక తండ్రేనా!

ఒక పొద్దున పొలాల్లో పట్టిన ఎండ్రకాయలు సంచినిండా తెచ్చి వంటింట్లో గుమ్మరించాడు.

"గివి నీసు గాదా?" యాదవ్వ వెనక్కి జరిగింది.

"నెత్తురున్నదే నీసు. వీటికి నెత్తురే లేదు. పుస్తకంల ఉన్నది. నేను సారునా, నువ్వు సారువా?"

చదువుకున్న మొగుడు పుస్తకంలో ఉందంటే ఆమె ఏమంటుంది? నమ్మింది, వండింది. దగ్గుకు మంచిదని పిల్లకూ ఆ చారు తాగించింది.

సాయంత్రం ఎదురింటి ముసలమ్మ కొమురవ్వ బయట పారేసిన డొప్పలు చూసి గుండెలు బాదుకుంది.

"ఎంత పని జేస్తివి బిడ్డా! మొక్కుల ఉండి ఎండ్రకాయ వండుతరా?"

వాకిట్లో జనం చేరారు. యాదవ్వ మొగుడి వైపు చూసింది. నేనే చెప్పిన అని అతను ఒక్క మాటంటే చాలు. సారు గొంతు సవరించుకున్నాడు.

"నేను గ్రీసు దేశం సంగతి చెప్పిన. వండుమని ఎక్కడ చెప్పిన? ఆడోళ్లకు సైన్సు జెప్తే గిట్లనే ఉంటది."

అతన్ని చూస్తే నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

యాదవ్వ విసవిసా వంటింట్లోకి పోయింది. వంట కుండలన్నీ వాకిట్లో పగలగొట్టింది. ఇల్లు అలికి, తలకు పోసుకుని, తడిబట్టలతో రాజన్నకు మళ్లీ మొక్కింది. ఈసారి మొక్కు తీరేదాకా తాను ఒంటిపూటే తిన్నది.

బాలలక్ష్మి కోలుకుంది. వేములవాడ పోయి మొక్కు తీర్చుకొచ్చిన మర్నాడు యాదవ్వ కోడిని కోసి వండింది. ఘుమఘుమ వాసనకు సారు కాళ్లు కడుక్కుని, నవ్వుకుంటూ వచ్చాడు. ఆమె గడపకు అడ్డంగా నిలబడి, కంచం తెచ్చి అరుగు మీద పెట్టింది.

"నెత్తురున్నోళ్లు లోపల తింటరు. నువ్వు గీడనే తిను."

నేను బదిలీ అయి కాగజ్‌నగర్ పోయేనాటికి కూడా సారు అరుగు మీదే తింటున్నాడు.