గడియ ఎడమ కాలు

నానబెట్టిన తోలును ఆమె కర్రతో చేసిన బూటు అచ్చు మీదికి లాగుతోంది. ఎడమ బొటనవేలితో అంచును అదిమిపట్టి, కుడిచేతి పట్టకారుతో గట్టిగా లాగి, లాగినచోట బొటనవేలి పట్టు వదలకుండానే పెదవుల మధ్య నుంచి ఒక సన్న మేకు తీసి దిగ్గొట్టింది. వేలెడు దూరంలో మళ్ళీ ఒక లాగుడు, ఇంకో మేకు. నోట్లో మేకులున్నంతసేపూ ఆమెతో మాట్లాడి లాభం లేదని అందరికీ తెలుసు. అదే అదనుగా భావించి ఆమె భర్త మాట్లాడుతున్నాడు.

“ఊరంతా రాకెట్టుగాడు కావాలంటుంటే నువ్వు పోయి పోయి గడియను తెమ్మంటావా? గోలు కొట్టేవాడు లేక మనం చస్తుంటే, గోలు ఆపేవాడెందుకే?”

అతను బస్సు డ్రైవరు. మధ్యాహ్నం విరామంలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఆమె కొట్టుకే వచ్చి తింటాడు. కొట్టంటే ఫుట్‌బాల్ మైదానం గ్యాలరీ మెట్ల కింద ఒక ఏటవాలు గది. తలుపు దగ్గర నిలబడవచ్చు, లోపలికి పోయేకొద్దీ వంగాలి, చివర్న పాకాలి. మ్యాచ్ రోజున పైన జనం గంతులేస్తే దుమ్ము రాలుతుంది. అందుకని ఆ రోజు తోలు మీద దుప్పటి కప్పుతుంది. దుమ్ము ఎంత రాలిందో చూసి మనవాళ్ళు ఎన్ని గోల్స్ కొట్టారో లోపల్నుంచే చెప్పగలదు. ఈ సీజన్‌లోనూ దుప్పటి ఉతుకుతూనే ఉంది, గెలుపులే లేవు.

మేకులు అయిపోయాయి. నోరు ఖాళీ అయింది.

“పోయినసారి మూడు గోల్స్ కొట్టి నాలుగు తిన్నాం. అంతకుముందు రెండు కొట్టి మూడు తిన్నాం. నీ లెక్క ప్రకారం కొట్టేవాడు లేకనా?”

భర్త ముద్ద మింగడంలో మునిగిపోయాడు.

క్లబ్బులో అందరూ ఆమెను బూట్లక్క అంటారు. వయసు నలభై ఎనిమిది. తండ్రి పక్కన కూర్చుని దారానికి మైనం పట్టించడంతో మొదలుపెట్టింది. ఆయన పోయాక కొట్టూ, క్లబ్బు పనీ ఆమెకే వచ్చాయి. ప్రతి ఆటగాడికీ అతని పాదాల కొలతకు చెక్కిన ఒక జత కర్ర అచ్చులుండేవి. ఆటగాడు క్లబ్బు వదిలి వెళితే అతని అచ్చును చెక్కి కొత్తవాడికి సరిచేయడం తండ్రినాటి నుంచీ ఉన్న పద్ధతి. ఆమె కూడా అలాగే చేస్తూ వచ్చింది, మూడు జతలు తప్ప. గోల్‌కీపరు పిల్లి, ముందు వరసలో పరిగెత్తే రాకెట్టు, వెనక నిలబడే గడియ. ఆ ముగ్గురి అచ్చులకూ ఉలి తగలనివ్వలేదు. కిటికీ పక్క అరలో విడిగా పెట్టింది. “ఏం అన్నలూ, ముగ్గురూ కులాసాగా ఉన్నారా?” అని భర్త రోజూ వాటిని పలకరిస్తాడు.

ఈ నెల మొదట్లో క్లబ్బు పట్టికలో అట్టడుగుకు జారింది. మిగిలినవి ఆరు మ్యాచ్‌లు. ఏ క్లబ్బులోనూ లేని పాత ఆటగాణ్ణి ఒక్కణ్ణి తీసుకునే వీలుంది. టీ కొట్టు దగ్గర ఎవరికి వాళ్ళు పేర్ల జాబితాలు తయారుచేశారు. రాకెట్టు పెద్ద క్లబ్బులో ఉన్నాడు, వాళ్ళు వదలరు. పిల్లికి నడుము పోయింది. గడియ ఒక్కడే ఖాళీ. అతను వెనక నిలబడితే తలుపుకు గడియ వేసినట్టేనని జనం పెట్టిన పేరది. రెండేళ్ళ కిందట కాలు మందగించిందని అతన్ని పంపించేశారు. ఇప్పుడు ఫర్నిచర్ గోదాములో బీరువాలు మోస్తున్నాడు.

మందగించింది అన్న మాట దగ్గరే ఆమెకు ఒళ్ళు మండేది. ఆ ఏడే క్లబ్బువాళ్ళు ఆమె దగ్గర బూట్లు కుట్టించడం మానేసి, ఎక్కడినుంచో మిషను బూట్లు పెట్టెలకొద్దీ తెప్పించారు. ఆమెకు పాతవి కుట్టిపెట్టే పనే మిగిలింది. గడియ ఎడమ పాదం పైన ఎప్పుడో ఎముక విరిగి అతికినచోట గోలీకాయంత బుడిపె ఉంది. ఆమె కుట్టే బూటులో అక్కడ లోపలి తోలు పలచగా చెక్కి, లేసు కన్నం ఒకటి పక్కకు జరిపేది. మిషనుకు ఆ సంగతి తెలియదు. చెప్పాల్సినవాడు గడియ, కానీ అతను అడిగినా చెప్పే రకం కాదు. ఎడమ కాలి మీద లేచి బంతి అందుకోలేక ఏడాదంతా తిట్లు తిన్నాడు.

ఈ సోమవారం టీ కొట్టు దగ్గర కోచ్ ఎదురుపడ్డాడు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

“సార్, గడియను పిలవండి.”

“వాడి కాలు అయిపోయిందమ్మా.”

“కాలు కాదు అయిపోయింది, మీ బూటు. కొలవకుండా ఎవడైనా మనిషికి బూటిస్తాడా? ఎద్దుకు నాడా కొట్టేవాడు కూడా ముందు గిట్ట చూస్తాడు.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఫక్కున నవ్వారు. కోచ్ ముఖం ఎర్రబడింది.

“సరే. వచ్చే ఆదివారం పిలిపిస్తాను. నువ్వే బూట్లు కుట్టు. మా సెంటర్ ఫార్వర్డుకు ఎదురుగా అరగంట నిలబడితే తీసుకుంటా. లేకపోతే వాడి పేరు మళ్ళీ నా దగ్గర ఎత్తకూడదు. నువ్వు కాదు, ఎవరూ.”

“అలాగే. ఎత్తను.”

ఆ మాటతోనే గడియకున్న ఒకే ఒక్క దారి ఆమె చేతుల్లోకి వచ్చి పడింది. అరలోంచి అచ్చు దించి, దుమ్ము తుడిచి, తోలు కోసింది. వారం తిరిగేలోపు జత తయారైంది.

శుక్రవారం మధ్యాహ్నం గడియ గోదాము నుంచి నేరుగా వచ్చాడు. భుజం మీద తాడు ఒరుసుకున్న మచ్చ, కాళ్ళకు ఎవరివో పెద్ద సైజు బూట్లు. తల వంచి లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు.

“నా గురించి అందరిలో మాట పడ్డావంట కదక్కా.”

“పడలేదు, అన్నాను. మేజోళ్ళు వేసుకో.”

కుడి బూటు సులువుగా దిగింది. ఎడమది మడమ దాకా పోయి అక్కడ మొరాయించింది. అతను లేచి నిలబడి కాలు నొక్కాడు. లోపలికి పోయింది. రెండడుగులు వేశాడు. దవడ బిగుసుకుంది.

“బాగుందక్కా.”

ఆమె అతని ముఖం చూడలేదు, చిటికెన వేలి దగ్గర తోలు ఉబ్బడం చూసింది.

“రెండేళ్ళ కిందట కూడా బాగుందనే అన్నావు. ఆ మాటే నీ కొంప ముంచింది. విప్పు.”

కాగితం పరిచి, అతని పాదం మోపించి, చుట్టూ పెన్సిలు గీసింది. పాత కొలత కాగితం వెతికి దాని మీద పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. రెండు గీతలూ కలవలేదు. ఎడమ కాలి మీద బరువు వేసి బీరువాలు మోసీ మోసీ పాదం ముందు భాగం అర వేలు వెడల్పయింది, అరికాలి వంపు కిందికి దిగింది. బుడిపె ఉన్నచోటే ఉంది గానీ దాని కింద పాదం మాత్రం మారిపోయింది.

ఆమె పీట మీద కూలబడింది. కొలవకుండా ఎవడైనా బూటిస్తాడా అని నలుగురిలో కోచ్‌ను కడిగేసిన మనిషి, తనే కొలవకుండా కుట్టింది. పాత గడియ కావాలని పట్టుబట్టి, పాత గడియ కాలికే కుట్టింది. తండ్రి బతికి ఉంటే తోలు కుట్టే ఆరతో చేతి మీద ఒక్కటిచ్చేవాడు.

“వదిలెయ్యక్కా. కోచ్ చెప్పిందే నిజమేమో. నేను రేపు వెళ్ళి రాలేనని చెప్పేస్తా.”

“నోర్ముయ్. కోచ్ చెప్పింది నిజం కాదు. నేను చేసింది తప్పు. ఈ రెంటికీ సంబంధం లేదు. ఆదివారం పొద్దున్నే మైదానానికి రా. ఈలోగా ఆ దిక్కుమాలిన బూట్లు వేసుకోకు, చెప్పులతో తిరుగు.”

అతను వెళ్ళాక కత్తి తీసుకుని ఎడమ బూటు కుట్టు మొత్తం తెంపేసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించింది అచ్చు దగ్గర. ముందు భాగానికి తోలు ముక్కలు అతికించి వెడల్పు పెంచవచ్చు. అరికాలి వంపు దగ్గర మాత్రం కర్రకు ఏదో ఒకటి చెయ్యక తప్పదు. రెండేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని కర్ర అది.

శనివారం పొద్దున భర్త సెలవు పెట్టి వచ్చేసరికి ఆమె ఆకురాయితో అచ్చును అరగదీస్తోంది. గచ్చు మీద కర్ర పొడి రాలి ఉంది.

“అయ్యో, అన్నగార్ని చెక్కేస్తున్నావా?”

“ఆడాల్సింది ఈ కర్ర కాదుగా. వచ్చినవాడివి ఊరికే నిలబడకు, ఆ దారానికి మైనం పట్టించు.”

“నేను రాకెట్టు పార్టీ.”

“రాకెట్టు పార్టీవాళ్ళకు చేతుల్లేవా?”

అతను గొణుక్కుంటూనే మైనం ముద్ద అందుకున్నాడు. అంచును అరగదీయడం, కొత్త కాగితంతో సరిచూడడం, తోలు ముక్క అతికించడం, మళ్ళీ అరగదీయడం. కొత్త తోలు నాని మెత్తబడ్డాక లాగి మేకులు కొట్టింది. బుడిపె చోట లోపలి పొర ఉల్లిపొర అంత పలచన చేసింది. ఆరబెట్టి, మేకులు పీకి, అడుగు కుట్టి, గడ్డిని పట్టే స్టడ్లు బిగించేసరికి కిటికీలో ఎండ పసుపు రంగుకు తిరిగింది.

ఆదివారం మైదానం కంచె చుట్టూ యాభై మంది దాకా చేరారు. టీ కొట్టు మొత్తం కదిలి వచ్చినట్టుంది. గడియ గడ్డి మీద కూర్చుని బూట్లు తొడిగాడు. ఆమె అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది.

“ఈసారి బాగుందని అన్నావంటే చంపేస్తా. ఎక్కడ తగులుతోందో చెప్పు.”

గడియ లేచి, ఎడమ మునివేళ్ళ మీద బరువంతా వేసి నిలబడ్డాడు. రెండుసార్లు మడమ ఎత్తి దించాడు.

“మడమ వెనక కొంచెం. ఇంకెక్కడా లేదక్కా.”

రెండేళ్ళలో అతను నోరు తెరిచి చెప్పిన మొదటి ఫిర్యాదు అది.

కోచ్ ఈల ఊదాడు. సెంటర్ ఫార్వర్డు కుర్రాడు, జోరు మీదున్నాడు. మొదటిసారే గడియను దాటుకుని దూసుకుపోయి గోలు కొట్టాడు. “ఇదేనా నీ గడియ?” అని కంచె దగ్గర ఎవడో అరిచాడు. “నోరు మూసుకుని చూడవయ్యా,” అంది ఆమె. రెండోసారి గడియ పరుగు పెట్టలేదు, ముందే వెళ్ళి బంతి వచ్చేచోట నిలబడ్డాడు. ఆ తర్వాత ఆ కుర్రాడు ఎటు తిరిగినా గడియ ఛాతీయే ఎదురైంది. కోచ్ కావాలనే ఎడమవైపు బంతుల్ని ఎత్తుగా వేయించాడు. గడియ ఎడమ కాలి మీద లేచాడు. తలతో కొట్టి పంపాడు. అతను దిగేటప్పుడు ఆమె ఆటను కాదు, ఆ బూటునే చూసింది. తోలు మడత సరిగ్గా వేళ్ళ దగ్గరే పడింది. ఇంకోటి వేయించాడు. అదీ కొట్టాడు. ఆరోదాని తర్వాత కోచ్ వేయించడం మానేశాడు.

అరగంట అయింది. గడియ వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. కోచ్ అతని దగ్గరికి కాకుండా ముందు ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఊపిరి లేదు వాడికి. దాన్ని నేను బాగుచేసుకోవాలి.”

“అది మీ పని సార్. కాలు నా పని.”

“సీజన్ అయ్యేదాకా తీసుకుంటున్నా. ఆపైన మాటివ్వను.”

“ఆరు మ్యాచ్‌లు చాలు. ఆపైన మీరే అడుగుతారు.”

ఆమె గడియ చేత బూట్లు విప్పించింది. తొలిసారి ఆడిన బూటు కుట్టినవాళ్ళ చేతికి తిరిగి రావాలనేది ఆమె నియమం. ఒంటి వేడికి తోలు ఎటు కదిలిందో అప్పుడే తెలుస్తుంది. ఎడమ బూటులో చెయ్యి పెట్టి మడమ వెనక తడిమింది. వేలికి ఒక కుట్టు ముడి తగిలింది. గట్టు రాయి మీద బూటు ఆనించి, చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ముడిని అణిచింది. మళ్ళీ తడిమింది. నున్నగా ఉంది. బురద తుడిచి, లేసులు లోపలికి దోపి, జతను గడియ చేతుల్లో పెట్టింది.

“ఇప్పుడు నీవి,” అంది.