మా అమ్మ వేసిన ఓటు

మల్కాపురంలో మా వీధి మొత్తానికి నా చిన్నప్పుడు ఒకటే కుళాయి ఉండేది. పోర్టులో ఓడల సరుకు దించే కళాసీలు, రిఫైనరీలో రోజుకూలికి పోయేవాళ్ళు, పల్లెల్లో బతకలేక వచ్చినవాళ్ళు, అందరం అక్కడే బిందెలు వరస పెట్టేవాళ్ళం. ఆ కుళాయికి నీళ్ళు తెచ్చే గొట్టం మురుగు పారే గెడ్డలోంచి వచ్చేది. అది తుప్పుపట్టి ఎక్కడో చిల్లు పడిందని పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఒక్కోసారి నీళ్ళు పచ్చగా వచ్చేవి, ఒక్కోసారి కంపు కొట్టేవి. మా అమ్మ పాత చీరముక్క బిందెకు కట్టి వడపోసేది. అందరం అలాగే తాగేవాళ్ళం.

ఆ ఎండాకాలం మా తమ్ముడు పోయాడు. అప్పుడప్పుడే మాటలు కలిపి మాట్లాడుతున్న పిల్లాడు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒక్క పగట్లో వాడిపోయాడు. మా నాన్న పోర్టులో పనిమీద ఉన్నాడు. వీధి చివర బట్టలు కుట్టే సాయిబుగారు దుకాణం అలాగే వదిలేసి రిక్షా పిలిచి, వాణ్ణి, అమ్మను ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అప్పటికే ఆలస్యమైపోయింది. సాయంత్రం అమ్మ వాణ్ణి అదే రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. వాడు నిద్రపోతున్నాడనుకుని నేను ఎదురెళ్ళాను.

మేము క్రైస్తవులం. మా వీధిలో మావాళ్ళ ఇళ్ళు కొన్నే అయినా, చుట్టుపక్కల పేటలు కలిపితే సంఘం పెద్దదే. రేకుల కప్పు వేసిన ప్రార్థన మందిరం ఉండేది. ఆదివారం ఆరాధనలో మొదటి పాట ఎత్తేది మా అమ్మే. ఆమె గొంతు సన్నగా, తిన్నగా పైకి లేచేది. మిగతావాళ్ళు దాన్ని అందుకునేవాళ్ళు. తమ్ముణ్ణి సమాధుల తోటలో పెట్టిన రోజు కూడా ఆమే పాట ఎత్తబోయింది. గొంతు రాలేదు. సాయిబుగారు చెప్పులు విడిచి, గేటు బయట తలవంచుకుని నిలబడటం నాకు గుర్తుంది.

మర్నాటి నుంచి అమ్మ ఆ కుళాయి ముట్టుకోలేదు. పిల్లకు ఆ నీళ్ళు పట్టొద్దని పక్కింటి అక్కకు కూడా చెప్పింది. కొండ కింద ఒక నుయ్యి ఉండేది. తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకుని అంత దూరం నడిచి నీళ్ళు మోసుకొచ్చేది. బిందె తొణికి ఆమె వీపు తడిసిపోయేది. వెనకాల నేను చిన్న చెంబుతో నడిచేదాన్ని.

అవి మునిసిపల్ ఎన్నికల రోజులు. మా వార్డు కౌన్సిలరు మా సంఘం మనిషే. పోర్టుకు కూలీలను పెట్టే మేస్త్రి ఆయన. మా నాన్నకు పని ఇచ్చేదీ ఆయనే. అంతకుముందు ఎన్నికల్లో గొట్టం మార్పిస్తానని మాటిచ్చి గెలిచారు. ఆడవాళ్ళు ఎన్నోసార్లు వాళ్ళింటికి వెళ్ళి అడిగారు. వచ్చే నెల, వచ్చే నెల అన్నారు. ఈసారి ఆయన మీద సాయిబుగారు నిలబడ్డారు. ఆ గొట్టం గురించి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఇక ఇలా లాభం లేదని నిలబడ్డ మనిషి ఆయన. కానీ మా సంఘంలో అందరిదీ ఒకటే మాట, మనోడు ఉండగా బయటివాడికి ఎందుకు వేస్తామని.

తమ్ముడి కోసం మా ఇంట్లో ఆదరణ కూటం పెట్టారు. దుఃఖంలో ఉన్న ఇంటికి సంఘమంతా వచ్చి పాడి, ప్రార్థన చేసి, ఓదార్చి వెళ్ళే కూటం అది. ఇంట్లో చోటు చాలక వాకిట్లో చాపలు పరిచారు. మా పాస్టరు అయ్యగారు వాక్యం చదివి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఆయన మెత్తని మనిషి. ఆ తర్వాత మేస్త్రిగారు లేచారు. పసివాడు దేవుడి ఒడిలో ఉన్నాడన్నారు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. అలా చెబుతూ చెబుతూనే ఎన్నికల్లోకి వచ్చారు. మునిసిపాలిటీలో మనవాడు ఒకడుంటే మనకు బలమని, ఈసారి గెలిస్తే మందిరానికి రేకులు తీయించి శ్లాబు వేయిస్తానని అన్నారు. అయ్యగారు ఆయన తలమీద చెయ్యి ఉంచి గెలుపు కోసం ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ పెదవులు కదలలేదు.

ఎండ మండిపోతోంది. మేస్త్రిగారు మొహం తుడుచుకుంటూ మంచినీళ్ళు అడిగారు.

చాపల మీద ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ లేచి లోపలికి వెళ్ళి, కడిగిన గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఆయన చేతికి ఇచ్చింది. ఆయన అందుకున్నారు గానీ నోటి దాకా తీసుకెళ్ళలేదు. గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు.

"తాగండి అన్నయ్యగారూ, బయపడకండి" అంది అమ్మ. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఇవి కుళాయి నీళ్ళు కావు. కొండకింద నూతిలోయి. పొద్దున్నే మోసుకొచ్చినాను. ఆ నీళ్ళు మీకెలా ఇస్తాను? మీరూ ఒక తల్లి కన్న బిడ్డే గదా."

ఆయన తాగారు. ఆఖరి చుక్క దాకా తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు అయ్యగారు గుమ్మం దగ్గర ఆగి అడిగారు, "అమ్మా, నీ ఓటు మన అన్నయ్యకే గదా" అని. అమ్మ చేతులు జోడించి, "ప్రార్థన సేసుకుని ఏస్తానండి" అంది.

ఆ సాయంత్రం మా నాన్న గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. అమ్మతో అన్నాడు. "మేస్త్రికి నీ మీద అనుమానం వచ్చీసింది. రేపట్నుంచి నన్ను పనికి పిలవడే."

"తెలుసు" అంది అమ్మ.

"తెలిసీ ఏటి సేత్తన్నావ్ మరి?"

"ఓటు ఎవులికేస్తానో నాను ఎవులికీ సెప్పను. మీరూ అడక్కండి. రేపు దేవుడి ముందు నిలబడితే, నీ గుంటడు పోయినాక ఈదిలో మిగతా గుంటల కోసం ఏటి సేసినావని ఆయన అడుగుతాడు. మందిరానికి శ్లాబు ఏయించినానని సెప్పమంటారా?"

నాన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను అమ్మ పక్కకు జరిగాను.

ఓటు వేసే రోజు అమ్మ ఆదివారం కట్టుకునే తెల్లచీర కట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. మామూలుగా మా ఇంటి కోసం, నాన్న పని కోసం, నా చదువు కోసం అడిగేది. ఆ రోజు వీధిలో ఒక్కొక్క ఇల్లే వరసగా దేవుడికి చెప్పింది. మూలింట్లో కవల పిల్లలు, పాలమ్మే అవ్వ మనవరాలు, అమ్మవారి గుడి పూజారిగారింట్లో కొత్తగా పుట్టిన బిడ్డ, సాయిబుగారి ఆఖరి కూతురు, పక్కింటి అక్క కూతురు, ఒక్కొక్కరి పేరే చెప్పి వీళ్ళను కాపాడు తండ్రీ అంది. మేస్త్రిగారి మనసు మార్చమని కూడా అడిగింది. పక్కనే కూర్చున్న నాకు ఆ ప్రార్థన ఎంతకీ అవదేమో అనిపించింది. తమ్ముడి పేరు ఎక్కడ వస్తుందా అని ఎదురుచూశాను. రాలేదు.

బడిలో ఓటింగు పెట్టారు. సంఘం ఆడవాళ్ళందరూ కలిసి వచ్చి వరసలో నిలబడ్డారు. పక్కింటి అక్క అమ్మ చెవి దగ్గరికి వంగి, "వదినా, మనది తాళం గుర్తు. మర్సిపోకు" అంది. అమ్మ ఆమె చెయ్యి నొక్కింది. కొత్తగా బిడ్డను పోగొట్టుకున్న తల్లి అని ఎవరో ముందుకు వెళ్ళమన్నారు. ఆమె వెళ్ళలేదు. తన వంతు వచ్చేదాకా ఎండలోనే నిలబడింది.

తిరిగి వస్తుంటే ఆమె వేలిమీద సిరా ఇంకా తడిగానే ఉంది. నాన్నను అడగొద్దంది గానీ నన్ను అనలేదు కదా అని అడిగేశాను.

"అమ్మా, ఎవులికేసినావే?"

కొంత దూరం నడిచాక చెప్పింది, "మీ తమ్ముడికేసినాను."

చచ్చిపోయినవాడికి ఓటు ఎలా వేస్తారో నాకు అర్థం కాలేదు. ఆమె మొహం చూసి మళ్ళీ అడగలేదు.

మేస్త్రిగారే గెలిచారు. మా వీధిలోంచి టపాసులు కాల్చుకుంటూ ఊరేగింపు వెళ్ళింది. నాన్నను పనికి పిలవడం తగ్గించి తగ్గించి, చివరికి మానేశారు. ఆయన చేపలరేవులో తట్టలు మోయడానికి కుదిరాడు. కొన్నాళ్ళకు నడుం పట్టేసింది. ఆ మనిషి మళ్ళీ నిటారుగా నడవగా నేను చూడలేదు. మందిరంలో అమ్మను పాట ఎత్తమని ఎవరూ అడగలేదు. అయ్యగారు ఒకటి రెండు ఆదివారాలు ఆమెవైపు చూసి, తర్వాత చూపు తిప్పుకోవడం అలవాటు చేసుకున్నారు. అమ్మ వెనకాల, తలుపు దగ్గర చాప మీద కూర్చునేది. ఒక్క ఆదివారం కూడా మానలేదు. శ్లాబు పోసే రోజు వచ్చింది. ఆడవాళ్ళందరితో పాటు అమ్మ కూడా కాంక్రీటు తట్టలు మోసింది. నాకు కోపం వచ్చి, నువ్వెందుకు మోశావని అడిగాను. "అది దేవుడి ఇల్లే. మేస్త్రిది కాదు" అంది.

ఓటు వేయడంతో తన పని అయిపోయిందని కూడా ఆమె అనుకోలేదు. కుదిరిన వారమల్లా మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళేది. తోడుగా సాయిబుగారి భార్య వచ్చేది. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళి, వరండాలో కూర్చుని, ఎవరో ఒకరితో గొట్టం సంగతి చెప్పి వచ్చేవాళ్ళు. సంఘంలో దానిమీద కూడా మాటలు పడ్డాయి. ప్రార్థన మీద నమ్మకం లేనివాళ్ళే ఆఫీసులు పట్టుకు తిరుగుతారని ఒక పెద్దావిడ అంది. అమ్మ ఆమెతో వాదించలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మరుసటి వానాకాలం పక్కింటి అక్క కూతురు పడిపోయింది. అదే జబ్బు. అమ్మ వానలో కొండకింద నూతికి వెళ్ళి నీళ్ళు తెచ్చి, కాచి, ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో పట్టింది. సాయిబుగారే మళ్ళీ రిక్షా తెచ్చారు. ఆ పిల్ల నాతో తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్ల. దక్కలేదు. ఆదరణ కూటంలో అక్క అమ్మను పట్టుకుని, "నువ్వు సెప్పినావు వదినా, నాను ఇనలేదు" అని ఏడ్చింది. అమ్మ ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని, ఆ మాట ఇంకెప్పుడూ అనొద్దని చెప్పింది.

ఆ వారం ఆఫీసుకు వెళ్ళినప్పుడు అక్క కూడా వెళ్ళింది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చివరికి వీధిలో ఆడవాళ్ళందరూ, బొట్టు పెట్టినవాళ్ళు, పెట్టనివాళ్ళు, ముసుగు వేసినవాళ్ళు, ఆఫీసు గేటు ముందు ఖాళీ బిందెలతో కూర్చున్నారు. అయ్యగారు కూడా వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డారు. అప్పుడు గొట్టం మారింది. గెడ్డకు ఎత్తుగా కొత్త గొట్టం వేశారు.

కొత్త నీళ్ళు వచ్చిన రోజు వీధంతా సంబరం. పిల్లలు కుళాయి కింద తలలు పెట్టి తడిశారు. అమ్మ కూడా వెళ్ళి చూసింది, దోసిలి పట్టి తాగింది. ఇంటికి వచ్చి తలుపు దగ్గరికి వేసుకుని, తమ్ముడు పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. నేనూ నాన్నా వాకిట్లో కూర్చుని ఆ ఏడుపు విన్నాం. లోపలికి వెళ్ళడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

ఇప్పుడు నేను గాజువాకలో ఉంటున్నాను. అమ్మానాన్నా వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఎన్నికలు వస్తే మా సంఘంవాళ్ళ ఫోన్ల నిండా మెసేజులు, మన విశ్వాసులు ఫలానావారికే వేయాలని. మొన్న ఎన్నికల ముందు మా పాస్టరుగారు, కుర్రవాడు, మంచివాడే, స్త్రీల కూటంలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎవరికి వేయాలో నేను చెప్పలేదు. మన మందిరానికి ఏం వస్తుందో ఆలోచించే ముందు, మీ వీధిలో ఒక్కొక్క ఇంటినీ, ఆ ఇంట్లో పిల్లలనూ పేరు పెట్టి ప్రార్థన చేయండి, ఆ తర్వాత వెళ్ళి వేయండి అని మాత్రం చెప్పాను. పక్కింటివాళ్ళ పిల్లల పేర్లు తెలియవని ఒకమ్మాయి అంది. తెలుసుకోమన్నాను. అమ్మ నాకు ఇచ్చిన భక్తి ఇంతే. ఇది సుఖపెట్టే భక్తి కాదని కూడా నాకు తెలుసు. తలుపు దగ్గర ఒంటరిగా చాప మీద కూర్చున్న మనిషిని చూస్తూ పెరిగాను.

ఆ ఎన్నికల్లో పోలింగు బడి దగ్గర నా ముందు ఒక చిన్నవయసు తల్లి చంకలో పిల్లాడితో నిలబడింది. వాడు గింజుకుంటున్నాడు. లోపలికి ఎలా తీసుకెళ్ళాలా అని ఆమె అటూ ఇటూ చూస్తుంటే, నాకు ఇమ్మని చేతులు చాపాను. ఆమె వెళ్ళింది. వాడు కాసేపు నా కళ్ళద్దాలు లాగి, అలిసిపోయి, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. వెచ్చటి ఊపిరి మెడకు తగులుతోంది. ఆమె బయటికి వచ్చి నవ్వుతూ చేతులు చాపింది. వెంటనే ఇవ్వలేకపోయాను.