నలభై రెండు క్యారేజీల చేపల పులుసు

ఒక మంచి మనిషి తన కళ్ళను తానే నమ్మకుండా చేశాను. ఏళ్ళ తరబడి మోస్తున్న ఈ మాటను ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

షార్జాలో రోలా అనే పేటలో, మా బిల్డింగులో మా అంతస్తులోనే సత్యవతి పిన్ని ఉండేది. చుట్టం కాదు, కోనసీమ మనిషి. ఆఫీసుల వాళ్ళకు క్యారేజీలు కట్టేది. ఒంటరివాడినని నాకు ఒక గరిటె ఎక్కువే వేసేది. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి టచ్ ఫోన్లు వస్తున్న రోజులు. ఆమె ఆర్డర్లు చూసుకోవడానికి చిన్న వెబ్ పేజీ రాసిచ్చాను. నా ఉద్యోగమే అది. గొప్పలకేం తక్కువ లేదు.

ఒక ఆఫీసుకు రోజూ నాలుగు క్యారేజీలు. ఒకరోజు అదనంగా రెండు కావాలని పేజీలో నింపారు. నేను ముందే రాసిపెట్టిన నాలుగు, అంకె. బయటివాళ్ళు నింపిన రెండు మాత్రం ఆ పేజీ రాసిన కంప్యూటరు భాషకు ఉత్త అక్షరం. ఆ రెంటినీ కూడమంటే అది అడగదు, హెచ్చరించదు. అంకెనూ అక్షరంగా మార్చేసి పక్కపక్కన అతికిస్తుంది. నలభై రెండు. తీసివేతలో అయితే అక్షరాన్నే అంకెగా మార్చుకుని సరిగ్గా లెక్కకడుతుంది. నేను ఆర్డరు తగ్గించి మాత్రమే పరీక్షించాను. సరిపోయింది కదా, ఇక చాలనుకున్నాను.

ఏదో పార్టీ ఉందనుకుని పిన్ని నలభై రెండింటికీ వండింది. వాళ్ళు ఆరు ఉంచుకుని మిగతావి తిప్పి పంపారు. ఆమె నా దగ్గరకు వచ్చేలోపే తప్పు కనిపెట్టి దిద్దేశాను. అంతవరకూ పొరపాటే. ఆ తర్వాత, దిద్దిన పేజీ తెచ్చి ఆమెకు చూపించాను.

"ఆరనే ఉంది కదా పిన్నీ."

ఆమె ఫోను దూరంగా పట్టుకుని చూసింది. "ఆయ్, ఆరే ఉంది. నా కళ్ళకే మసకలొచ్చేసినట్టున్నాయి నాన్నా. నిన్ను అనబోయాను, పాపం."

ఆ రోజు బిల్డింగంతా చేపల పులుసే. నేనూ తిన్నాను. సిగ్గులేకుండా మళ్ళీ వడ్డించుకున్నాను, అంత బాగుంది.

అప్పట్నుంచి ప్రతి అంకెనూ నా చేత చదివించుకునేది. డాక్టరు చూపు బాగుందన్నా నమ్మలేదు. ఎందుకు చెప్పలేదు? తిడుతుందనా? నవ్వేసి ఇంకో గరిటె వేసేది. పొద్దున్నే నా తలుపు తట్టే మనిషి ఒకరున్నారన్న సుఖం మరిగానా? అదే నిజమనుకుంటాను.

మెల్లగా కొత్త ఆర్డర్లు ఒప్పుకోవడం మానేసింది. ఎవరికో తక్కువ పెడతానన్న భయంతో చివరికి క్యారేజీలే ఆపేసి ఊరికి బయల్దేరింది. నేనే సాగనంపాను. విమానాశ్రయంలో బోర్డింగ్ పాసు మీది గేటు నంబరు చదివి చెప్పమంది. చదివాను. మరేమీ చెప్పలేదు.

ఇన్నాళ్ళకు మీకు చెబుతున్నాను, కాస్త ఊపిరాడుతోంది. పిన్ని ఆ రోజు సరిగ్గానే చూసింది.